చెట్టు చిగుళ్ళ బీరూ, మా బావ నాలుకా

మనిషన్నవాడికి ఎవరినో ఒకరిని మెప్పించాలన్న కోరిక ఉంటుంది. కొందరు పై ఆఫీసరును మెప్పించాలనుకుంటారు, కొందరు అత్తగారిని, మరీ ఆశపోతులు ఇద్దరినీ. నా కోరిక వీటికంటే చాలా చిన్నది. పినపాక దాటి అడవిలోకి పోతే ఒక కోయగూడెం వస్తుంది. ఆ గూడెంలో మా బావ ఉన్నాడు. నేను తీసుకుపోయినది ఏదో ఒకటి నోట్లో పోసుకుని ఆయన ఒక్కసారి, ఒకే ఒక్కసారి "మంచిగుంది" అనాలి. ఇంతకంటే నేను దేవుడిని ఏమీ అడగలేదు. ఇంతకంటే పెద్దవి అడిగినవాళ్ళకు ఇచ్చాడు గానీ నాకు మాత్రం ఇది ఇవ్వలేదు.

బావ అంటే రక్తసంబంధం కాదు. మా చుట్టరికం జీలుగు కల్లులోంచి పుట్టింది. మాది ఏన్కూరు. నాకొక జీపు ఉండేది. దాన్ని కంపెనీలకు కిరాయికి తిప్పుతూ, నేనే నడుపుతూ బతికేవాడిని. ఒక ఎండాకాలం ఆ జీపు అడవి దారిలో చచ్చిపోతే, గుడిసె ముందు కూర్చున్న ఒక పొడుగాటి మనిషి లేచి, జీలుగు చెట్టు నుంచి అప్పుడే దించిన కుండ తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ కల్లు తాగాక నాకు జీపు గుర్తు రాలేదు, ఇల్లు గుర్తు రాలేదు, నేను పుట్టక ముందు సంగతులు మాత్రం కొన్ని గుర్తొచ్చాయి. సాయంత్రానికి ఆయన నాకు బావ అయ్యాడు, ఆయన భార్య చెల్లె అయింది. అప్పటి నుంచి ప్రతి సీజనులో నాకని ఒక కుండ వేరే పెడతాడు. నేను లొట్టలేస్తూ తాగి, "బావా, ఇంద్రుడు దీని కోసమే ఆకాశం నుంచి మీ చెట్టు దిక్కు చూస్తుంటడు" లాంటి మాటలు ఒక గంటసేపు చెబుతాను. ఆయన వింటాడు. పొగడ్త వినడానికి ఆయనకేమీ అభ్యంతరం లేదు. తిరిగి అనడమే చేతకాదు.

నేను వట్టి చేతులతో ఏనాడూ పోలేదు. మొదటిసారి ఖమ్మం నుంచి మంచి బీరు తీసుకుపోయాను. తాగి మూతి తుడుచుకుని, "నురగ బాగనే లేస్తది" అని, వాన సంగతి ఎత్తాడు. మిలిటరీ రమ్ము పట్టుకుపోయాను. "గడ్డి వామికి అగ్గి అంటుకున్నట్టుంది" అన్నాడు, అది మెప్పో తిట్టో ఇప్పటికీ తేలలేదు. నల్లటి కూల్‌డ్రింక్ ఇస్తే, "ఇది జలుబుకా?" అని అడిగాడు. బందరు లడ్డు పెడితే బాగా నమిలి, "తియ్యగుంది" అన్నాడు. లడ్డు తియ్యగా ఉంటుందని నాకూ తెలుసు కదా. తిరుమలాయపాలెంలో మా మేనత్త చేతి ఆవకాయకు మూడు మండలాల్లో పేరు. ఆ ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని జీపు నడుపుకుంటూ పోతే, ఒక ముక్క చప్పరించి, "కారంగుంది" అని, నా జీపు టైర్లు అరిగినయ్యని చెప్పాడు. ఈ మనిషి నాలుకను ఏ ఉక్కుతో చేశారో గానీ, నా బతుకులో సగం దాని మీదే అరిగిపోయింది.

ఇట్లా ఉండగా, సెల్‌ఫోన్లు జేబుల్లోకి వచ్చినా సిగ్నలు మాత్రం మనుగూరు దాటి రాని రోజుల్లో, గోదారి ఒడ్డున ఉన్న ఫ్యాక్టరీకి ఒక కొత్త మిషను వచ్చింది. దాన్ని బిగించడానికి ఒక విదేశీ ఇంజనీరు వచ్చాడు. ఆయన్ని గెస్టుహౌసు నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి గెస్టుహౌసుకు తిప్పే భాగ్యం నా జీపుకు దక్కింది. మనిషి తలుపులో పట్టడు. ఎండలో పది నిమిషాలు నిలబడితే పండిన మిరపకాయలాగా అయ్యేవాడు. వాళ్ళ దేశంలో సంవత్సరంలో సగం రోజులు మంచేనట. నా ఇంగ్లీషు, ఆయన ఇంగ్లీషు రెండూ అంతంతమాత్రమే కాబట్టి మాకు బాగా కుదిరింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం గెస్టుహౌసు వరండాలో నన్ను కూర్చోబెట్టి, లోపలికి పోయి, ఉన్ని మేజోడు ఒకటి పట్టుకొచ్చాడు. నాకు మేజోడు బహుమానం ఇస్తున్నాడేమోనని భయపడ్డాను. అందులోంచి ఒక గోధుమరంగు సీసా తీశాడు. వాళ్ళ ఊళ్ళో ఆయన స్నేహితుడొకడు ఇంటి వెనక షెడ్డులో సొంతంగా బీరు కాస్తాడట. కంపెనీ బీరు కాదు. ఏడాదికి కొద్దిగానే కాస్తాడు. తెలిసినవాళ్ళకే ఇస్తాడు. ఇందులో ఏం వేస్తాడంటే, అని ఆయన లేచి కాంపౌండు గోడ పక్కన ఉన్న సరుగుడు చెట్టు దగ్గరికి పోయి కొమ్మ వంచి చూపించాడు. సరిగ్గా ఇది కాదు, దీనికి పెద్దన్న లాంటిది. క్రిస్మస్‌కు నక్షత్రాలు కడతారే, ఆ చెట్టు. ఎంత మంచు కురిసినా ఆకు రాల్చదు. చలి తగ్గాక దాని కొమ్మల చివర లేత పచ్చటి చిగుళ్ళు వస్తాయి. ఆ చిగుళ్ళను గోటితో తుంచి బీరులో వేసి కాస్తాడు.

సీసా మూత తీయగానే ముందు వాసన వచ్చింది. తెల్లవారుజామున సామిల్లు తలుపు తెరిస్తే వచ్చే వాసన, దాని వెనక నిమ్మాకు నలిపిన వాసన, ఆ వెనక ఎక్కడో హారతి కర్పూరం. నా ముక్కు ఏన్కూరులో పుట్టిందన్న సంగతి మరిచిపోయి మంచు కొండలెక్కి తిరిగింది. తర్వాత గుక్క. మొదట చల్లగా, పుల్లగా, ఉసిరికాయ కొరికినట్టు. అది మింగుతుంటే మామిడి కాయ తుంచినప్పుడు కారే సొన లాంటి ఘాటు. మింగిన తర్వాత, మనం అంతా అయిపోయిందనుకుని గ్లాసు కింద పెట్టబోతుంటే, నాలుక మొదట్లో ఒక చేదు నెమ్మదిగా లేచి కూర్చుంటుంది. వేప చేదు కాదు, కరక్కాయ వగరూ కాదు. అడవి మొత్తం వడగట్టి ఆఖరి చుక్క మన నోట్లో పిండినట్టు. మా వైపు జామాయిల్ తోటలు ఇన్ని ఎకరాలున్నాయి, ఎవడికీ ఈ ఆలోచన ఎందుకు రాలేదా అనుకున్నాను. జామాయిల్ చిగుళ్ళు వేస్తే ముక్కుదిబ్బడకు మందు తయారవుతుందని రెండో గుక్కలో తెలిసింది.

మూడో గుక్కలో నాకు మా బావ కనిపించాడు. ఆయనేమో చెట్టు నుంచి దించింది తప్ప ఏదీ మెచ్చడు. ఇదేమో చెట్టు చివరి నుంచి తుంచింది. జన్మకొక సీసా ఇట్లా దొరుకుతుంది. ఇది తాగి కూడా ఆయన వాన సంగతి ఎత్తితే ఇంక నేను ఆ గూడెం దారి పట్టనని వరండాలోనే ఒట్టు వేసుకున్నాను.

ఇంజనీరుకు బావ సంగతి చెప్పాను. నేను చెప్పేటప్పుడు బావ కొంచెం పెరుగుతాడు. ఆ మధ్యాహ్నం ఆయన జీలుగు చెట్టు ఎక్కకుండానే చెయ్యి చాచి కల్లు తీసేంత ఎత్తుకు పెరిగాడు. ఇంజనీరు కళ్ళు పెద్దవి చేసి విని, ఇంకో మేజోడులోంచి మరో సీసా తీసి నా చేతిలో పెట్టాడు. అదే ఆఖరిదట. "మీ స్నేహితుడు ఏమన్నాడో నాకు చెప్పాలి" అన్నాడు. చెబుతానన్నాను.

మర్నాడు మనుగూరులో ఐసు ముక్కలు కొని, చేపలవాళ్ళ థర్మోకోల్ డబ్బా అడుక్కుని, రంపపు పొట్టు పోసి, అందులో సీసాను పసిపిల్లను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాను. జీపులో గుంత వచ్చినప్పుడల్లా నా నడుము పోయినా సరే, డబ్బా కదలకుండా ఒక చేత్తో పట్టుకున్నాను. ఒంటిచేత్తో స్టీరింగు తిప్పుతుంటే ఎదురొచ్చిన బొగ్గు లారీల డ్రైవర్లు నన్ను తిట్టిన తిట్లతో ఒక పుస్తకం వెయ్యవచ్చు.

పొద్దెక్కకముందే గూడెం చేరాను. బావ పాక ముందు పందిరి కింద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. పక్కన వాళ్ళ పెద్దనాయన ఉన్నాడు. గూడెంలో అందరూ తాత అంటారు, కట్టుబాట్లన్నీ ఆయన నోటి మాట మీదే నడుస్తాయి. ఇంకో నలుగురు మగవాళ్ళు గ్లాసులు పట్టుకుని ఉన్నారు. చెల్లె నాకు కూడా చాయ్ ఇచ్చి, లోపలికి పోయి రోట్లో ఏదో దంచుతోంది.

నేను డబ్బా మూత తీశాను. పొట్టు తీశాను. సీసా బయటికి తీసేసరికి దాని ఒంటి మీద చెమట బొట్లు. బావ ఎన్నడూ లేనిది, గ్లాసు పక్కన పెట్టి ముందుకు వంగాడు.

"ఏంది బావ గిది?"

"నోరు తెరువు చెప్త."

"తియ్యి మరి. చూద్దాం."

చూద్దాం అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు. అడ్డాకు దొప్ప కూడా తనే తీసి పట్టుకున్నాడు. ఆ క్షణంలో మూత తీసి పోసేస్తే ఈ కథ లేదు. కానీ సభకు పరిచయం చేయకుండా ముఖ్య అతిథిని కూర్చోబెట్టడం నాకు చేతకాదు. లేచి నిలబడ్డాను. మంచు దేశం గురించి చెప్పాను. ఎన్నటికీ ఆకు రాల్చని చెట్టు గురించి చెప్పాను. ఆ చెట్టు ఎత్తు గోదారి వంతెన పొడుగంత అన్నాను. మంచు కరగగానే కొమ్మకొమ్మకూ లేత చిగుళ్ళు వస్తాయనీ, వాటిని తెల్లతెల్లవారే కన్నెపిల్లలు పాటలు పాడుకుంటూ వెండి గిన్నెల్లో కోస్తారనీ అన్నాను. ఇంజనీరు షెడ్డు అని చెప్పాడు గానీ కన్నెపిల్లల సంగతి చెప్పలేదు. అది నా వాటా. "గా చిగుళ్ళ రసమే ఇందులోది" అని ముగించి, మూత మీద చెయ్యి వేశాను.

"ఆగు" అన్నాడు తాత.

ఆగాను.

"ఏం చెట్టు?"

చెప్పాను.

"మన దిక్కు ఉంటదా?"

"ఉండది తాత. మంచు ఉండాలె."

"మన దిక్కు లేని చెట్టు. దాని చిగురు. అంటే కొత్తనే గద."

మూత మీది నుంచి చెయ్యి తీశాను. అడవిలో కొత్తగా ఏది చేతికొచ్చినా, చిక్కుడు గానీ, మామిడి గానీ, ఇప్పపువ్వు గానీ, కొత్త వడ్లు గానీ, ముందు పూజారి ముత్యాలమ్మ గద్దె ముందు కొత్త చేయాలి. అమ్మకు, పోయిన పెద్దలకు పెట్టాలి. తర్వాతే ఊరు నోట పెట్టాలి. ఇది నాకు తెలియనిది కాదు. మామిడి కొత్త కాకముందు పోయి చెట్టు కింద రాలిన కాయను చూస్తూ ఉప్పూకారం చేతిలో పట్టుకుని కూర్చున్నవాడినే. కానీ సీసాలో ఉన్నదానికి కూడా కొత్త ఉంటుందని నాకెట్లా తడుతుంది?

"తాతా, గిది బీరు. మీరు బీరు తాగలేదా?"

"తాగినం. అది గింజతోటి అని నువ్వే చెప్పినవ్ గద. గింజ కొత్త మేం వడ్లప్పుడు చేస్తనే ఉన్నం. ఇది చిగురు."

బావ దొప్ప కింద పెట్టేశాడు. ఆ దొప్ప నేలను తాకిన చప్పుడు నాకు పిడుగుపాటులా వినిపించింది.

ఇక్కడ నేను నోరు మూసుకోవలసింది. మూసుకుంటే ఆ సీసా ఒక్కటే పోయేది. కానీ నాలో వకీలు లేచాడు.

"మరి చాయ్ సంగతేంది?" అన్నాను.

"చాయ్‌కేమైంది?"

"అదీ చిగురే. కొండల మీద చెట్టుకు వస్తది. ఆ చెట్టు గూడ ఆకు రాల్చదు. ఆడోళ్ళు బుట్టలు కట్టుకుని లేత చిగుళ్ళు తుంచుతరు. మీరు పొద్దుమాపు తాగుతనే ఉన్నరు. దానికి కొత్త చేసినరా?"

గెలిచాననుకున్నాను. తాత చేతిలోని గ్లాసు వైపు చూశాడు. సగం ఉంది.

"నువ్వు చూసినవా? నీ కండ్లతోటి?"

నేను తేయాకు తోటను కేలండరులో మాత్రమే చూశాను. కానీ వాదం నడుమ కేలండరు అంటే పరువేముంటుంది. "చూసుడేంది, నా చేతులతోటి తుంచిన" అన్నాను.

తాత గ్లాసు నేల మీద పెట్టాడు. మిగతా నలుగురూ ఒకరి తర్వాత ఒకరు పెట్టారు. బావ తన గ్లాసు తీసుకుని, అందులోకి ఒకసారి చూసి, అదీ పెట్టాడు.

"అయితే చాయ్ గూడ బంద్" అన్నాడు తాత.

"అదేంది తాతా, ఇన్నేండ్లు తాగలేదా?"

"తెల్వక తాగినం. తెల్వకుంటే తప్పు లేదు. నువ్వు చెప్పినంక తాగితే తప్పు."

వెనక్కి తగ్గాను. "ఏమో తాత, చాన రోజులైంది. చిగురు కాదేమో. వేరు కావచ్చు."

"వేరుకు గూడ కొత్త ఉంటది" అన్నాడు తాత.

బావ నా వైపు ఒక చూపు చూశాడు. ఆయనకు చాయ్ అంటే ప్రాణం. కల్లు పని, చాయ్ సుఖం అనే మనిషి. "ఎందుకొచ్చినవ్ బావ పొద్దున్నే" అన్నాడు నెమ్మదిగా. అందులో కోపం కూడా లేదు. అలసట ఉంది.

పూజారి గోదారి అవతల కూతురింటికి పోయాడు. వచ్చే వారానికి గానీ రాడు. ఆయన వచ్చాక మంచిరోజు చూసి చిగురు సీసాకూ, చాయ్‌కూ ఒకేసారి కొత్త చేద్దామని తాత తీర్మానించాడు. కొత్త తెచ్చినవాడే కోడి కూడా తేవాలి, చాయ్‌పత్తా కూడా తేవాలి. తెచ్చినవాడంటే నేనే. సీసా తీసుకుపోయి వచ్చే వారం తెస్తానని అడిగాను. అమ్మ కోసం వచ్చింది ఊరు దాటకూడదన్నాడు. నా సీసాను గద్దె దగ్గర, ఇప్పచెట్టు మొదట్లో, ఒక బండ పక్కన నిలబెట్టారు. ఉదయం నీడ ఉంటుంది, మధ్యాహ్నం నుంచి ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. నేను కొంచెం అటు జరపమన్నాను. పెట్టినాక జరపకూడదట. నడుము విరగ్గొట్టుకుని తెచ్చిన ఐసు ముక్కలను కుక్క నాకుతుంటే చూస్తూ వెనక్కి వచ్చాను.

ఇంట్లో చెబితే నా భార్య అన్నం వడ్డిస్తూ, "సీసా ఇచ్చి నోరు మూస్కుంటే అయిపోతుండె. నోరు మూసుకునే సీసా ఏదన్న ఉంటే గది తెచ్చుకోరాదుండ్రి" అంది. ఇటువంటి సాంత్వన ఇంకెక్కడా దొరకదు.

మర్నాడు జీపు ఎక్కగానే ఇంజనీరు అడిగాడు. ఏమన్నాడు మీ స్నేహితుడు? నా ఇంగ్లీషులో కొత్తలు, చిగుళ్ళు, కట్టుబాట్లు ఎట్లా చెప్పాలి? ఇంకా తాగలేదు, ముందు ఆ బీరుకు ఊరంతా పండగ చేస్తోంది అన్నాను. అందులో ఒక్క అబద్ధం లేదు. అయినా ఆయన వాలకం చూసి నాకు భయమేసింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా భుజం మీద కొట్టిన దెబ్బకు జీపు రోడ్డు దిగబోయింది. ఆ సాయంత్రమే టెలిఫోన్ బూత్‌కు తీసుకుపొమ్మని, షెడ్డు స్నేహితుడికి ఫోన్ చేసి, ఆ అద్దాల డబ్బాలోంచి ఊరంతా వినబడేట్టు అరిచాడు. తన బీరును భారతదేశపు అడవిలో దేవత ముందు పెట్టారని అవతలివాడికి తెలిసిపోయింది. పండగకు వస్తానని నన్ను పట్టుకున్నాడు. ఆయన అదృష్టమో నా అదృష్టమో, పండగకు ముందే విమానం ఎక్కాల్సి వచ్చింది.

ఆ వారం మధ్యలో సంతలో చెల్లె కనిపించింది. చింతపండు అమ్ముకుంటోంది. నన్ను చూడగానే తక్కెడ కింద పెట్టింది.

"అన్నా, నువ్వొచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తెస్తవు. ఈసారి చాయ్ పట్కపోయినవ్."

"నేనెక్కడ పట్కపోయిన చెల్లె? తాత..."

"మొగోళ్ళు పొద్దుగాల లేస్తే తలకాయలు పట్టుకుని కూసుంటుండ్రు. తాత నిన్న మేకను తిట్టిండు. మేకేం చేసింది పాపం. మీ బావ చెట్టెక్కి దిగుడు మరిచిండు, పైననే కూసుండె."

"నువ్వెట్లున్నవ్ మరి?"

"నాకేమైంది?" అంది. మొహం కళకళలాడుతోంది. "పొద్దున్నే చాయ్ తాగే వచ్చిన."

"బంద్ గద?"

"నువ్వు చెప్పినప్పుడు నేను లోపల దంచుతున్న గద అన్నా. నేను ఇనలే. తెల్వకుంటే తప్పు లేదని తాతే అన్నడట."

"అన్నడని నీకెట్ల తెలిసింది మరి?"

"అది గూడ నేను ఇనలే" అని చింతపండు మీద ఈగలు తోలుకుంది. గూడెంలో ఆడవాళ్ళెవరూ వినలేదట. ఆ పొద్దు ఒక్కరికీ చెవులు పని చేయలేదట. మగవాళ్ళు పందిరి కింద తలలు పట్టుకుని కూర్చుంటే, వెనక పొయ్యిల మీద అల్లం వేసిన చాయ్ మరుగుతోందన్నమాట. ఆ వాసన ముందు పందిరి దాకా రాదా? వస్తుంది. వాసన పీల్చడానికి కట్టుబాటు లేదు. అందుకే మా బావ చెట్టు మీద కూర్చుంటున్నాడని నాకు అర్థమైంది.

పండగనాడు మధ్యాహ్నం పుంజుతో, చాయ్‌పత్తా పొట్లంతో, పాలతో, బెల్లంతో హాజరయ్యాను. చాయ్‌పత్తా గురించి నేను ఏమీ ఆలోచించలేదు. మనుగూరు బస్టాండు ఎదురుగా ఉన్న కిరాణా దుకాణంలో ముందు కనిపించింది కొన్నాను, అంతే. నా ప్రాణమంతా సీసా మీదే ఉంది. అది ఆ వారమంతా ఇప్పచెట్టు కింద నిలబడి తపస్సు చేసింది. ముట్టుకుంటే చెయ్యి కాలింది. దేవుడి ముందు అనకూడదు గానీ, అన్నం వండిన గిన్నెకు కూడా అంత వేడి ఉండదు.

ఊరంతా వచ్చింది. మగవాళ్ళ కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. పూజారి గద్దె అలికించి, పసుపు కుంకుమ పెట్టి, కోయ భాషలో అమ్మతో చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో నన్ను చూపించాడు. అమ్మకు నా మీద ఏం చెప్పాడో. తర్వాత సీసా పట్టుకుని కత్తి మొనతో మూత ఎత్తాడు.

అది తెరుచుకోలేదు, పేలింది. వారం రోజుల ఎండ, నా జీపు కుదుపులు, నా ఆశలు అన్నీ ఒక్కసారి తెల్లటి నురగై లేచి గద్దె మీద, పూజారి మీసాల మీద, నా పుంజు మీద పడ్డాయి. నేను "అయ్యో" అన్నాను. గూడెం మాత్రం సంబరపడింది.

"అమ్మ తాగింది" అన్నాడు తాత. "ఇట్ల ఏ కొత్తకు తాగలే."

అమ్మకు నచ్చింది కాబోలు, సగం పైన తాగేసింది. మిగిలిన దాంట్లో పోయిన పెద్దల పేరున నేల మీద సాక పోశారు. అప్పుడు ఇంటికింత అని దొప్పల్లో పంచారు. ముందు తాత, తర్వాత ముసలివాళ్ళు, తర్వాత ఇంటి పెద్దలు. అందరూ దొప్పలో ఉన్న దాన్ని వెతుక్కుని నాకుతున్నారు. బావ వంతు వచ్చింది. నేను జనాన్ని తోసుకుని ఆయన ముందుకు పోయి నిలబడ్డాను. పదో తరగతి రిజల్టు కోసం గోడకంటించిన కాయితం ముందు కూడా నేను అట్లా నిలబడలేదు.

దొప్ప ఎత్తాడు. ఒకే గుక్క. అసలు ఉన్నదే అంత. నాలుక లోపల ఒకసారి తిప్పాడు. మింగాడు. గొంతు ముడి కిందికి దిగి పైకి వచ్చింది.

"ఎట్లున్నది బావ?"

"చేదుగున్నది."

"ఆ తర్వాత?"

ఆలోచించాడు. "కొంచెం పులుపు గూడ."

"అడవి వాసన రాలేదా? చల్లగ, మంచు మీద..."

"వెచ్చగున్నది గద బావ" అన్నాడు.

నా దొప్ప ఆఖరున వచ్చింది. నాకు పోసింది ఒక చెంచా. గెస్టుహౌసు వరండాలో నన్ను కొండలెక్కించిన ఆ బీరు ఇదేనా అనిపించింది. నురగ పోయింది, చలవ పోయింది, నిమ్మాకు ఎక్కడో పారిపోయింది. మిగిలింది నానిన రంపపు పొట్టు వాసనా, ఎండకు పులిసిన చేదూ. నాకే "మంచిగుంది" అనబుద్ధి కాలేదు. ఆయన అబద్ధం ఆడలేదు. అదే ఇంకా మంట. ఆ రోజు డబ్బాలోంచి తీసి, ఒక్క నిమిషం నోరు మూసుకుని, ఐసు చెమట ఆరకముందే పోసి ఉంటే? ఆయన ముందుకు వంగి ఉన్నాడు. దొప్ప పట్టుకుని ఉన్నాడు. ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలి? చల్లగా ఉన్నప్పుడు అది ఎట్లా ఉంటుందో ఈ అడవి మొత్తంలో తెలిసినవాడిని నేనొక్కడినే. సాక్ష్యం చెప్పగలిగిన ఇంకొకడు విమానం ఎక్కి పోయాడు.

ఇంతలో పూజారి చాయ్ కొత్త కూడా చేశాడు. పొయ్యి మీది పెద్ద గిన్నెలోంచి ఒక గంటెడు అమ్మకు పోశారు. పోశారో లేదో మగవాళ్ళంతా గ్లాసులతో గిన్నె మీద పడ్డారు. ఆడవాళ్ళు కూడా ఎన్నో రోజుల తర్వాత తాగుతున్నట్టు ఆత్రంగా అందుకున్నారు. చెల్లె నా వైపు చూడకుండా జాగ్రత్త పడింది.

బావ తన గ్లాసు తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు. ఊదాడు. ఒక గుటక వేశాడు. కళ్ళు మూసుకున్నాడు. నేను వేరే దిక్కు చూస్తూ, జీపుకు డీజిల్ సరిపోతుందా అని ఆలోచిస్తున్నాను.

"అబ్బ" అన్నాడు. "మంచిగుంది."

నేను తిరిగి చూశాను.

"మస్తు మంచిగుంది బావ. ఇసొంటి చాయ్ నేను తాగలే. పత్తా నువ్వు తెచ్చిందే గద?"

"అవ్."

"ఏ దుకాణంల?"

"బస్టాండ్ ముంగట."

"ఇసొంటియి ఎన్నడు తేవు" అన్నాడు. "ఊకె ఏవేవో మోసుకొస్తవు."

ఆయన మొహంలో ఆ వెలుగు నేను ఎన్నడూ చూడలేదు. దాని కోసమే ఇన్నేళ్ళు తిరిగాను. నేను తెచ్చినదే, ఆయన నోట్లోదే, ఆయన అన్న మాటే. లెక్క ప్రకారం నా కోరిక తీరింది. వంక పెట్టడానికి ఏమీ లేదు. పంచాయితీలో పెట్టినా నేను గెలిచాననే తీర్పు చెబుతారు.

చెల్లె నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. తాగకూడదనుకున్నాను. తాగాను. చాయ్ నిజంగానే బాగుంది. అందుకే నాకు ఒళ్ళు మండింది.